దించాడా, విడిచాడా

మధురవాడలో ఆ ఆఫీసు నాలుగో అంతస్తులో నూట పదిమంది పనిచేస్తారు. వాళ్ళలో పోలిష్ భాష వచ్చిన మనిషి గౌరీశ్వరి ఒక్కతే. చోడవరం దగ్గర చెరుకు రైతు కూతురు. పోలండులో గ్దీనియా అనే రేవు పట్నంలో రెండేళ్ళు చదివి, మరో నాలుగేళ్ళు అక్కడే సరుకుల గోదాములో షిఫ్టులు చేసి, ఆ చలీ ఆ భాషా రెండూ ఒంటికి పట్టాక తిరిగొచ్చింది. ఇప్పుడు ఉక్కునగరంలో అన్నగారి క్వార్టర్లో ఉంటూ, రోజూ ఊరు ఆ చివర నుంచి ఈ చివరకి కంపెనీ క్యాబులో వస్తుంది.

ఓడల కంపెనీల నుంచి, బీమా కంపెనీల నుంచి పోలిష్ కాగితాలు వస్తుంటాయి. మొదట యంత్రం వాటిని ఇంగ్లిషు చేసి పడేస్తుంది. గౌరీశ్వరి రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివి, తప్పులు దిద్ది, ‘మూలంతో సరిచూశాను’ అన్న వాక్యం కింద తన పేరు పెడుతుంది. కాగితానికి ఏడు నిమిషాలు. అంతకు మించితే తెర మూలన అంకెలు ఎర్రబడతాయి.

ఆ మంగళవారం పొద్దున ఆమెకు వచ్చింది తిరగేసిన పని. ఇంగ్లిషులో ఉన్న చిన్న ఉత్తరాన్ని పోలిష్‌లో రాయాలి. ఇలాంటి పొట్టి ఉత్తరాలు ఆమె యంత్రానికి ఇచ్చేది కాదు, సొంతంగానే రాసేది. ఓడ కంపెనీకి ఆ ఉత్తరం రాసినవాడి పేరు సన్యాసిరాజు. విదేశీ బొగ్గు ఓడలో నావికుడు, గాజువాక చిరునామా. ఇంగ్లిషు అతుకుల బొంతలా ఉంది గానీ చెప్పదలుచుకున్నది మాత్రం సూటిగానే ఉంది.

“నేను గ్యాంగ్‌వేని విడిచి వెళ్ళలేదు. నేను గ్యాంగ్‌వేని దించాను” అని రాశాడు.

గ్యాంగ్‌వే అంటే మనుషులు ఎక్కి దిగడానికి ఓడ పక్కన వేలాడదీసే మెట్ల వంతెన. పోలిష్ వాళ్ళు దాన్ని త్రాప్ అంటారు. గౌరీశ్వరి వేళ్ళు అలవాటుగా కదిలాయి. ‘నియె ఒపుశ్చివెమ్ త్రాపు. ఒపుశ్చివెమ్ త్రాప్.’ రాసి చూసుకుంది. మొదటి వాక్యంలో ఏ క్రియ ఉందో రెండో దానిలోనూ అదే ఉంది. చదివేవాడికి ‘ఆ పని చెయ్యలేదు, ఆ పని చేశాను’ అన్నట్టుంటుంది. ఆమెకు నవ్వొచ్చింది. ఒపుశ్చిచ్ అన్నది అలాంటి మాటే మరి. కిందికి దించడం, విడిచిపెట్టి పోవడం, చదువుతూ చదువుతూ ఓ పుట దాటెయ్యడం, అన్నిటికీ వాళ్ళకు ఆ ఒక్క మాటే. చుట్టూ ఉన్న మాటల్ని బట్టి అర్థం తెలుసుకోవాలి.

రెండో వాక్యం మార్చి రాద్దామని పైకి చూసింది. అక్కడ ఓడ పేరు కనిపించింది. ఆ పేరు ఆమెకు తెలుసు. నవ్వు అక్కడికక్కడే ఆగిపోయింది.

మూడు వారాల కిందటి ఫైలు తెరిచింది. ఓడ వైజాగు హార్బర్లో బొగ్గు దించుతున్న రోజున జరిగిన ప్రమాదం గురించి బోసన్ రిషార్డ్ రాసిచ్చిన వాంగ్మూలం అది. బోసన్ అంటే డెక్కు మీద పనివాళ్ళకు మేస్త్రీ లాంటివాడు. ‘రెండూ పదికి కాపలా నావికుడు త్రాప్ ఒపుశ్చివ్. కాసేపటికి వైరు తెగింది’ అని ఉంది మూలంలో. యంత్రం ‘నావికుడు గ్యాంగ్‌వే విడిచి వెళ్ళాడు’ అని రాసింది. ఇంకాస్త కిందికి పోతే, ‘ఆ రోజు అలా మూడుసార్లు జరిగింది’ అన్న అర్థంలో మళ్ళీ అదే మాట. మూడుసార్లు విడిచి వెళ్ళాడని యంత్రం రాసింది. దాని కింద ఆమె పేరుంది.

గౌరీశ్వరి మూలాన్ని మొదటి నుంచి చివరి దాకా, ఈసారి గడియారం చూడకుండా చదివింది. బొగ్గు ఖాళీ అవుతున్నకొద్దీ ఓడ తేలికై పైకి లేస్తుంది. ఓడతో పాటు మెట్లూ పైకి లేచి, కింది మెట్టుకూ గట్టుకూ మధ్య జాగా పడుతుంది. కాపలా ఉన్నవాడు దాన్ని ఎప్పటికప్పుడు దించుతుండాలి. మూడుసార్లు దించాడంటే, తన పని తాను చేసుకున్నాడన్నమాట. మూడుసార్లు విడిచి పోయాడంటే, ఇంతకంటే బాధ్యత లేనివాడు ఉండడు. మెట్లను పట్టి ఉంచే వైరు తెగినప్పుడు వాటి మీంచి పడిపోయి తుంటి విరగ్గొట్టుకున్న కాంట్రాక్టు ఫిట్టర్ కృష్ణంరాజు పాపం ఎవరి నెత్తిన పడాలన్నది ఆ ఒక్క క్రియలో ఉంది. ఓడ కంపెనీ దాన్ని సన్యాసిరాజు నెత్తిన పెట్టి, అతన్ని ఓడ దింపేసింది. శుక్రవారం పోర్టులో విచారణ అని అతని ఉత్తరంలోనే ఉంది.

టీమ్ లీడరు దేవీప్రసాద్ దగ్గరికి వెళ్ళింది. చెడ్డవాడు కాదు. పై నుంచి వచ్చే మెయిళ్ళకు భయపడి భయపడి వయసు మించి జుట్టు నెరిసినవాడు.

“నేను తప్పు చేశాను, దేవీప్రసాద్ గారూ. ఒక మనిషి మీద తప్పు రాసి సంతకం పెట్టాను” అంది.

అతను తెర వైపు వంగి అంతా చూశాడు. “రెండర్థాలూ ఉన్నాయంటన్నారు కదండీ. మరింక తప్పేటి? ఒకటి తీసుకున్నారు, అంతే.”

“తీసుకోలేదండి. యంత్రం తీసుకుంది. నేను చూడకుండా దాటేశాను.”

“మూడువారాల కిందటి ఫైలండీ. క్లయింటు ఒప్పేసుకున్నారు, క్లోజైపోయింది. ఇప్పుడు తవ్వితే మన మీదే పడతాది.”

“పడనివ్వండి. సవరణ పంపుదాం.”

కాసేపు తర్జనభర్జన పడి చివరికి పంపాడు. బుధవారం మధ్యాహ్నానికి క్లయింటు నుంచి జవాబు వచ్చింది. రెండే వాక్యాలు. మీ సూచన గమనించాము. ఇదివరకే సమర్పించిన అనువాదమే కొనసాగుతుంది.

“సూసారా?” అన్నాడు దేవీప్రసాద్, ఊపిరి వదులుతూ. “మన పని మనం సేసాం. ఇంక వదిలీండి.”

ఆమె వదల్లేదు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి, చెప్పులు కూడా విడవకుండా వరండాలో కూర్చుండిపోయింది. అన్న గురునాథరావు పొద్దుటి షిఫ్టు దిగి, స్నానం చేసి, టీ తాగుతున్నాడు. క్రేను నడిపే మనిషి. చెల్లెలి ముఖం చూసి గ్లాసు కింద పెట్టాడు.

“ఏటయ్యింది? అలగున్నావ్.”

జరిగింది చెప్పింది. అతను మధ్యలో ఒక్క ప్రశ్నా వెయ్యలేదు.

“నానిక్కడికి రాకముందు ఓ ప్రైవేటు షెడ్డులో పన్జేసీవోడిని, గుర్తుందా? అక్కడ ఒకడికి ఇలగే రాసీసారు, పోస్టు వదిలీసి పోయాడని. వాడు ఆ టయానికి క్రేను మీదే ఉన్నాడు. నాను సూసాను. సూసానని సెప్పడానికి నాకు వారం పట్టింది. ఈలోగా వాడు ఊరొదిలి ఎల్లిపోయాడు. కాగితం మీద ఒకసారి పడితే మరా మనిసిని ఎవుడు నమ్ముతాడమ్మా?”

“ఉద్యోగం పోవచ్చన్నయ్యా.”

“పోద్దేమో. నీకు భాషొచ్చు. అది పోదు కదా.”

గురువారం ఆమె సెలవు పెట్టింది. వెళ్ళేముందు దేవీప్రసాద్‌కు ఫోన్ చేసి, ఎక్కడికి వెళుతోందో చెప్పింది. అతను కంగారు పడ్డాడు. “క్లయింటు కాగితం బయటికెల్తే ఉద్యోగం ఉండదండీ, సెప్తన్నాను!”

“ఒక్క కాగితం కూడా తీసుకెళ్ళడం లేదండి. ఆ అనువాదం విచారణ చేసేవాళ్ళ దగ్గర ఇప్పటికే ఉంది. దాని మీద నా పేరుంది. నా పేరు వెనక్కి తీసుకోవడానికి వెళుతున్నాను.”

పోర్టు దగ్గర బస్సు దిగేసరికి చెమటలు కారిపోతున్నాయి. బొగ్గు లారీలు లేపిన ధూళి రోడ్డు పక్క కొబ్బరిబొండాల బండిని కూడా నల్లగా చేసింది. విచారణ అధికారి భీమశంకరరావు గోదావరి జిల్లా వైపు మనిషి. పాతికేళ్ళు ఓడల మీద తిరిగి ఒడ్డుకు చేరినవాడు. ఆమె ఇచ్చిన అరపేజీ ఉత్తరం నిలబడే చదివాడు.

“ఇలా వచ్చి నా తప్పు అన్నవాళ్ళని ఇన్నేళ్ళలో చూళ్ళేదమ్మా,” అన్నాడు. “రేపు మధ్యాహ్నం మూడింటికి రా. నువ్వు చెప్పింది నేను నమ్మానని మాత్రం అనుకోకు. వింటానంతే.”

శుక్రవారం విచారణ గదిలో పట్టుమని పదిమంది కూడా లేరు. బల్లకు ఇటు ఓడ కంపెనీ తరఫు లాయరు. అటు చివర ఇస్త్రీ చొక్కా వేసుకుని, రెండు చేతులూ మోకాళ్ళ మధ్య ఇరికించుకుని కూర్చున్న బక్కపలచని మనిషి. అతనే సన్యాసిరాజు అని ఎవరూ చెప్పకుండానే గౌరీశ్వరికి తెలిసింది. అతను ఆమెను చూడలేదు.

లాయరు మెత్తగానే మొదలుపెట్టాడు. “మూడు వారాల కిందట విడిచి వెళ్ళాడని రాశారు. ఇప్పుడు దించాడంటున్నారు. రేపు ఇంకేమంటారు మేడమ్?”

“అప్పుడు చదవలేదండి. ఇప్పుడు చదివాను.”

“అయితే ఆ మాటకు విడిచి వెళ్ళడం అన్న అర్థం లేదంటారా?”

“ఉందండి.” గదిలో చిన్న కలకలం రేగింది. ఆమె తడబడలేదు. “రెండూ ఉన్నాయి. లేదని చెబితే అబద్ధమవుతుంది.”

“ఒకే మాట రెండు పనులకెలా వాడతారమ్మా?” అన్నాడు భీమశంకరరావు. “అందులోనూ ఓడలో?”

“మనకి లేదాండీ? ‘ఆయన పోయాడు’ అన్నామనుకోండి. బజారుకా, కాటికా? విన్నవాడికి ఇంటి ముందు పాడె కనబడితే తెలుస్తుంది. ఈ వాంగ్మూలంలో మూడుసార్లు అన్న మాట ఉంది, ఓడ పైకి లేచిన సంగతుంది. వాటిని బట్టి చూస్తే దించాడనే అర్థం. కానీ నా మాట నమ్మక్కర్లేదు. రాసినాయన్నే అడగండి. కింద ఆయన ఫోను నంబరుంది, ‘అవసరమైతే నన్ను అడగండి’ అని కూడా రాశారు. ఎవరూ అడగలేదు.”

“ఆయనకు ఇంగ్లిషు సరిగా రాదు” అన్నాడు లాయరు.

“నాకు పోలిష్ వచ్చండి.”

“అదే మా అభ్యంతరం. మీకు కావలసిన అర్థమే మీరు అడిగి రాబడతారు.”

గౌరీశ్వరి ఒక్క క్షణం ఆలోచించింది. “ఆ క్రియ నా నోటంట రాకుండా అడుగుతాను. రికార్డు చెయ్యండి. ఏ పోలిష్ మనిషికైనా వినిపించి సరిచూసుకోండి.”

భీమశంకరరావు పెన్ను బల్ల మీద రెండుసార్లు తాటించి, ఫోను ముందుకు జరిపాడు.

అవతల చాలాసేపు మోగింది. చివరికి బొంగురు గొంతు పలికింది. బోసన్ రిషార్డ్ ఆ ప్రయాణంతోనే ఓడల పని మానేసి ఇంటి దగ్గర ఉంటున్నాడు. గౌరీశ్వరి తానెవరో, గదిలో ఎవరెవరున్నారో చెప్పి, అడగవలసింది అడిగింది. ప్రతి మాటనూ వెంటనే ఇంగ్లిషు చేసి గదికి వినిపించింది.

“రెండూ పదికి కాపలా నావికుడు ఎక్కడున్నాడండీ?”

“మెట్ల మొదట్లో. పైన.”

“అతని చేతులు ఏం చేస్తున్నాయి?”

అవతల ఆశ్చర్యం వినిపించింది. “చేతులా? చేతిలో స్విచ్చుల పెట్టె ఉంది. బొటనవేలు బొత్తాం మీదుంది. కింది మెట్టు గట్టుకు అందడం లేదు. అది చూసి నేనే వాడికి అరిచి చెప్పాను.”

“ఏమని అరిచారు?”

“ఏమని అరుస్తాను?” అంటూ ముసలాయన ఆ మాటను నిజంగానే అరిచాడు. “ఒపుశ్చ్!”

బల్ల చివర కుర్చీ కిర్రుమంది. సన్యాసిరాజు లేచి నిలబడ్డాడు.

“అదే! అదే మాట సార్!” ఇంగ్లిషు, మర్యాద అన్నీ మరిచిపోయాడు. “రోజూ అదే అరిసీవోడు మా బోసను. కోపమొత్తే ఇంగ్లీసు రాదాయనకి. ఒపుశ్చ్ అంటే దించరా అని. ఎనిమిది నెలలు విన్నాను సార్, నాకు తెల్దేటి? దించరా అంటేనే దించాను!”

“కూర్చో బాబూ, కూర్చో” అన్నాడు భీమశంకరరావు. కానీ గొంతులో కోపం లేదు.

ఫోనులో రిషార్డ్ ఆ గొంతు గుర్తుపట్టాడు. “సన్యా? సన్యా ఉన్నాడా అక్కడ?” ఆ తరవాత నెమ్మదిగా అడిగాడు. “వాణ్ణి ఎందుకు కూర్చోబెట్టారు? నేను రాసింది ఇంగ్లిషులో ఏమని పెట్టారు?”

దీన్ని తప్పించుకునే దారి లేదు. “విడిచి వెళ్ళిపోయాడని పెట్టారండి. పెట్టింది నేనే” అంది గౌరీశ్వరి పోలిష్‌లో. అదే మాట గది వైపు తిరిగి ఇంగ్లిషులోనూ చెప్పింది.

లాయరు ఏదో అనబోయాడు. భీమశంకరరావు చేయెత్తి ఆపాడు.

“వాడు అక్కడే ఉన్నాడు,” అన్నాడు రిషార్డ్. “వైరు తెగేదాకా అక్కడే ఉన్నాడు. తెగాక ముందుగా కిందికి పరుగెత్తింది కూడా వాడే. ఆ వైరుకు గ్రీజు పట్టించేది నేను. లోపల తుప్పు పట్టిందని నాకు తెలుసు. కొత్తది కావాలని రెండుసార్లు రాసి పంపాను. రాలేదు. కానీ ఆ రోజు ఆ మెట్లు వాడొద్దని చెప్పాల్సింది కూడా నేనే. చెప్పలేదు. అదీ రాసుకోండి.”

చివరి మాటలు ఆ ముసలాయన మెడకే చుట్టుకుంటాయని గౌరీశ్వరికి తెలుసు. అయినా ఒక్క మాట మెత్తబరచకుండా, ఒక్క మాట వదలకుండా అన్నీ చెప్పింది.

విచారణ ముగిసి బయటికి వచ్చేసరికి ఎండ వాలింది. వరండా మెట్ల దగ్గర సన్యాసిరాజు నిలబడి ఉన్నాడు. దండం పెడతాడేమోనని ఆమె భయపడింది. పెట్టలేదు.

“తప్పు రాసింది మీరేనా?” అన్నాడు.

“నేనే.”

“మూడు వారాలు ఈదిలోకి రాలేదండీ నాను. మా మావగారు అడిగీసారు, డ్యూటీ వదిలీసి ఎక్కడికి పోయావని. మా రోజారమణి ఒక్కర్తే నమ్మింది. ఒక్కసారి సదివుంటే అయిపోను కదండీ.”

“అయిపోయేది” అంది గౌరీశ్వరి. క్షమించమని అడగాలనుకుంది. కానీ అడిగితే, సరే అనక తప్పని బరువు అతని మీద పడుతుంది. అందుకని అడగలేదు. “మీరు ఆ ఉత్తరం రాయకపోతే నాకు తెలిసేదే కాదు” అని మాత్రం అంది.

అతను తల పంకించాడు. “మా బోసన్ని ఏటి సేత్తారండీ ఇప్పుడు?” అని అడిగాడు. ఆ సంగతి ఆమెకూ తెలియదు. ఇద్దరూ బస్టాపు దాకా కలిసి నడిచారు. గాజువాక బస్సు ముందొచ్చింది. ఎక్కబోతూ అతను వెనక్కి తిరిగి, “ఎల్లొస్తానండి” అన్నాడు.

పన్నెండు రోజులకు విచారణ నివేదిక వచ్చింది. సన్యాసిరాజు మీద రాసిన మాట కొట్టేశారు. వైరు సంగతి తేల్చమని, కృష్ణంరాజు విషయంలో బాధ్యత ఎవరిదో చెప్పమని కంపెనీకి తాఖీదు వెళ్ళింది. బోసన్ రెండుసార్లు రాసి పంపిన కోరికల నకళ్ళు సమర్పించాలని కూడా అందులో ఉంది. ఆయన ఒప్పుకున్న తప్పు ఒక వాక్యంగా నమోదైంది. అంతకు మించి ఏమీ లేదు.

గౌరీశ్వరిని సరిచూసే పని నుంచి తప్పించారు. సరుకు చీటీలు, పార్సిలు చిరునామాలు ఆమెకు అప్పగించారు. దేవీప్రసాద్ ఆ మాట చెప్పడానికి తనే ఆమె కుర్చీ దగ్గరికి వచ్చాడు. “పైవోళ్ళు తీసీమన్నారండీ. ఇలగైనా ఉంచడానికి నా తాతలు దిగొచ్చారు.”

“తెలుసండి. ఒక్కటి మాత్రం చెయ్యండి. మనుషుల వాంగ్మూలాలకు ఏడు నిమిషాలు తీసెయ్యండి. నా బదులు ఎవరొచ్చినా సరే.”

అతను కిటికీలోంచి కొండ వైపు చూస్తూ నిలబడ్డాడు. “అరగంట అడిగి సూత్తాను” అన్నాడు. అడిగాడు కూడా. ఇరవై నిమిషాలకు ఒప్పుకున్నారు.

ఆ తరవాతి సోమవారం నుంచి మధ్యాహ్నం భోజనాల వేళ గౌరీశ్వరి క్యారేజీ పక్కన పెట్టుకుని, తన పేరున్న పాత వాంగ్మూలాలన్నీ ఒక్కొక్కటే తెరిచి మొదటి నుంచి చదవడం మొదలుపెట్టింది. మొత్తం అరవై నాలుగున్నాయి. పాత ఫైళ్ళు చూడ్డానికి దేవీప్రసాద్ అనుమతి రాసిచ్చాడు. ఎందుకని అడగలేదు. పదహారు కాగితాల్లో తప్పేమీ లేదు. పదిహేడో దానిలో ఒక వంటవాడు ‘చెప్పలేకపోయాను’ అన్నది, ‘చెప్పను’ అని పడి ఉంది.

ఆమె పెరుగన్నం మూతపెట్టి, చేయి కడుక్కుని వచ్చి, సవరణ రాసింది. కింద తన పేరు టైపు చేసి దేవీప్రసాద్‌కు పంపింది. అద్దాల గదిలో అతను దాన్ని చదవడం, నుదురు రుద్దుకోవడం ఆమెకు ఇక్కణ్ణుంచే కనిపించింది. ఆ తరవాత అతను దాన్ని క్లయింటుకు పంపించాడు.

ఆమె పద్దెనిమిదోది తెరిచింది.